కాలు ఎత్తించిన మనిషికి దండమేదీ?

మా నందిగాంలో ఎవరికి నడుం ఆపరేషనైనా పొగడ్తంతా కోసిన డాక్టరుకే. గంటలో నరం మీది డిస్కు ముక్క తీసేశాడని టీకొట్టు దగ్గర చెప్పిందే చెబుతారు. కాదనను. జారిన డిస్కే నరాన్ని నొక్కి కాలిని లాగేస్తుందని 1934లో అమెరికా డాక్టర్లు మిక్స్టర్, బార్ చూపించిన దగ్గర్నుంచి ఆ కత్తి ఎందరినో మంచం మీంచి లేపింది. నన్నూ లేపింది. పిక్క దాకా పొడిచే పోటు ఆసుపత్రిలో ఉండగానే పోయింది.

బాగుపడనిది పాదం. బొటనవేలు పైకి లేచేది కాదు. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలిసేది కాదు, "చెప్పొదిలేశావు బావూ" అని వెనకనుంచి ఎవరో కేకేసేవారు. డిశ్చార్జి కాగితంలో దీనికి రాసింది ఒకే ముక్క: ఫిజియోథెరపీ. ఎక్కడ, ఎన్నాళ్లు, ఎందుకు? ఏమీ లేదు.

ఎందుకో చెప్పింది ఫిజియో అమ్మాయి. సాధారణంగా ముందు నొప్పి పోతుంది, తర్వాత బలం వస్తుంది, తిమ్మిరి ఆఖరున వదులుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది కూడా. నరం పైపొరే దెబ్బతింటే వారాల్లో, నెలల్లో కోలుకుంటుంది. లోపలి పోగు తెగితే మళ్లీ పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. నడుం నుంచి పాదానికి ఎంత దూరమో కొలుచుకోండి! ఈలోగా కండ కరగకుండా, చీలమండ బిగుసుకోకుండా చూసుకోవాలి. వేలు కదలని రోజుల్లో ఆమె నా మోకాలి కింద కండ మీద చెయ్యి ఆనించి, "కదిలింది, నా చేతికి తెలిసింది, మళ్లీ" అనేది. నాకేమీ తెలిసేది కాదు. కదలిక వచ్చాక మంచం కోడుకి రబ్బరు పట్టీ కట్టి పాదాన్ని నావైపు లాగించింది. మూత్రం ఆగినా, కూర్చునే చోట స్పర్శ పోయినా తనకు ఫోను చెయ్యకుండా నేరుగా ఆసుపత్రికి పొమ్మని మొదటిరోజే హెచ్చరించింది.

ఆమెకిచ్చే డబ్బు దగ్గరే మా ఇంట్లో గొడవ. "కాలు ఆడించడానికి డబ్బులేట్రా?" అంది పెద్దమ్మ. స్కానింగు దగ్గర ఆ ప్రశ్న రాలేదు. 2021లో పార్లమెంటు అనుబంధ వైద్య వృత్తుల చట్టం చేసి ఫిజియోథెరపిస్టులకు చోటిచ్చింది. మనం మాత్రం ఇంకా మాలిష్ చేసే మనిషి కిందే లెక్కేస్తున్నాం.

పైగా ఇది నడుం మీద బతికే ప్రాంతం. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు, టెక్కలి క్వారీ కూలీలు, ఉద్దానంలో కొబ్బరి చెట్లెక్కేవాళ్లు. నొప్పంటే చాలు, మందుల షాపులో బిళ్ల కొనుక్కుని మింగేస్తారు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు ప్రమాదం. ఉద్దానంలో ఎందరినో పట్టిన కిడ్నీ జబ్బుకి కారణమే ఇంకా పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, మంచిదే. బిళ్లల అవసరం తగ్గించగల మనిషిని మాత్రం ఎవరూ తలచుకోరు.

అడిగేది భవనం కాదు. మండల ఆసుపత్రిలో ఒక గది, ఒక బల్ల, కాసిని రబ్బరు పట్టీలు, సరైన జీతమిచ్చి వారానికి రెండు రోజులైనా రప్పించే ఫిజియో. ఆటో ఛార్జీలు పెట్టుకోలేక మధ్యలో మానేసే కూలీలకు అదే పెద్ద ఆసుపత్రి. డాక్టరుగారు కూడా ఫిజియోథెరపీ అన్న ఆ ఒక్క ముక్క పక్కన ఏ కండకో, ఎన్ని వారాలో రాస్తే, మా పెద్దమ్మ లాంటివాళ్లకి చూపించడానికి కాగితమైనా ఉంటుంది.