పురుగు ముసుగు తొడగకముందే

ఎద్దు ముక్కులో గోబీపువ్వులాంటి కండ పెరిగి, ఊపిరాడక గురక పెడుతుంటే దాన్ని గురక వ్యాధి అంటారు. ముక్కు లోపలి సిరల్లో కాపురముండే షిస్టోసోమా నాసాలే అనే పురుగు దానికి కారణం. ఈ జాతి పురుగులు రోగనిరోధక కణాలు తిరిగే రక్తంలోనే ఏళ్ల తరబడి ఎలా బతుకుతాయన్న ప్రశ్నకు 1969లో స్మిదర్స్, టెర్రీ, హాక్లీ ప్రయోగం దారి చూపింది. మనుషులకు సోకే షిస్టోసోమా మాన్సోనీని చిట్టెలుకల్లో పెంచి మామూలు కోతుల్లోకి మారిస్తే బతికింది. ఎలుక ఎర్రకణాలపై ముందే ప్రతిరక్షకాలు పుట్టించిన కోతుల్లోకి మారిస్తే చచ్చింది. అంటే పురుగు ఒంటికి ఎలుక అణువులు అంటుకొని ఉన్నాయి. మన ఎ, బి రక్తగ్రూపుల గుర్తులను కూడా అది ఇలాగే ఒంటికి పట్టించుకుంటుందని తర్వాత తేలింది. పశువుల పురుగు తీరూ ఇదేనని భావించడం సమంజసం.

చర్మం దాటిన కొద్ది గంటల్లోనే పురుగు పాత పైపొర వదిలి రెండు పొరల కొత్త తోలు కట్టుకుంటుంది. ఊపిరితిత్తులకు చేరేసరికి మన అణువులే దాని ఒంటినిండా ఉంటాయి. ఆ తర్వాత టీకా వేసినా ఒళ్లు దాన్ని గుర్తుపట్టడం కష్టం. కాబట్టి దెబ్బ అంతకుముందే, నీళ్లలో, దాని పిల్లలు పెరిగే ఇండోప్లానార్బిస్ అనే నత్తలో ఉండగానే కొట్టాలి. గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో నిలవ నీటికి కొదవ లేదు: బొగ్గు తీసి వదిలిన గుంతలు, గనుల నుంచి తోడి చెరువుల్లోకి పంపే నీళ్లు, ఎల్లంపల్లి జలాశయం అంచులు. వీటన్నిటా నత్తలుంటాయని కాదు. ఏరి చూస్తేగాని తెలియదు. పెద్ద ప్రయోగశాల కూడా అక్కర్లేదు. నత్తను గ్లాసు నీళ్లలో వేసి వెలుతురులో పెడితే, సోకిన నత్త నుంచి తోక చీలిన పిల్లపురుగులు ఈదుతూ బయటికొస్తాయి.

మందు ఉంది కదా అనవచ్చు. ప్రాజిక్వాంటెల్ నిజంగా మంచి మందే; పురుగు తోలును చించి, దాక్కున్న అణువులను ప్రతిరక్షకాలకు చూపిస్తుంది. కానీ ఎద్దు మళ్లీ అదే చెరువుకు పోతుంది. బర్రెలకైతే లక్షణాలు పెద్దగా కనిపించవు, అయినా నీళ్లు తాగేటప్పుడు ముక్కు చీమిడితోపాటు గుడ్లు చెరువులో కలుస్తాయి. గురక వినిపించేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. పశువుల జబ్బు మనకెందుకు అనేవారికి ఒక మాట: పశువుల పురుగు పిల్లలు మనిషి చర్మంలోకీ దూరి, అక్కడే చచ్చి, దద్దులూ దురదా తెస్తాయి. మనిషికి సోకే రకం మన దేశానికి రాదన్న ధీమా కూడా 1952లో రత్నగిరి జిల్లా గిమ్వీ గ్రామంలో రోగులు బయటపడ్డాక చెల్లలేదు. గోదావరిఖని ప్రాంతంలో ఏ చెరువుకు గని నీళ్లు పోతున్నాయో సింగరేణి బొగ్గు కంపెనీకి తెలుసు. పశుసంవర్ధక శాఖ నత్తల తనిఖీని ఆ చెరువులతోనే మొదలుపెట్టాలి, ఖర్చు కంపెనీ భరించాలి.