కొమ్మ నఱకువానికి కవచమేది?

తాటిచెట్టు నెక్కు గీత కార్మికుని ప్రాణమును మోకు, ముస్తాదులకే వదలక, 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము కాటమయ్య రక్షణ కవచమను పేరిట త్రాళ్లు, నడుముపట్టీలు గల సామగ్రిని ఈయ నారంభించుట శ్లాఘనీయము. గీత కులమున పుట్టిన వీరుడు సర్వాయి పాపన్న కోట గల ఖిలాషాపురము నెలవైన జనగామ జిల్లాలో దాని విలువను వేరే చెప్పనక్కఱలేదు. అయితే, తొలకరికి ముందు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వీధులలో కరెంటు తీగలకు తగులు వేపకొమ్మలను, కానుగకొమ్మలను కొట్టు కూలివాడు నేటికిని లుంగీ ఎగగట్టి, తలకు తువాలు చుట్టి, త్రాడైన లేక కొమ్మపై నిలుచుచున్నాడు.

కొమ్మలు కోయ మోటారు రంపము పట్టువారికై కుట్టిన లాగులో, పైబట్ట క్రింద పొడవైన పోగుల పొరలుండును. రంపపు గొలుసు తగిలిన క్షణముననే ఆ పోగులు వెలికి వచ్చి, పళ్లచక్రమునకు చుట్టుకొని రంపమును నిలిపివేయును. ఆ మందపు లాగును భూపాలపల్లి మే నెల యెండలో తొడుగుమని ఆఫీసు ఫ్యాను క్రింద కూర్చుండి ఆజ్ఞాపించుట సులభమే! కావున కాళ్లకు ముందువైపు మాత్రమే కప్పు తొడుగు, గట్టి బూట్లు, హెల్మెట్టు, కంటి అద్దములు, నడుముపట్టీ, దానికి త్రాడు కొమ్మలు కొట్టించు కాంట్రాక్టు షరతులలోనే చేర్చి, అవి లేనిచోట బిల్లు నాపవలెను. లైనులో సరఫరా నిలిపినట్లు విద్యుత్ సిబ్బంది ధ్రువపఱచక మునుపు కొమ్మపై కత్తి పడరాదు. ఈ సామగ్రి వెలను కూలివాని దినభత్యమునుండి కోయరాదనియు ఆ షరతులలోనే వ్రాయవలెను.