అందలూసియాలో గోడలకేనా గౌరవం?

అందలుస్ పేరు వినగానే మనలో చాలామంది నిట్టూరుస్తారు. ఖుర్తుబా మస్జిద్, గర్నాతాలోని అల్‌హమ్రా, చేజారిన రాజ్యం... మన తలపులు అక్కడే ఆగిపోతాయి. ఇక్బాల్ 1933లో ఖుర్తుబా మస్జిద్‌ను దర్శించి రాసిన కవిత ఉర్దూ తెలిసిన ఇళ్లలో నేటికీ వినిపిస్తుంది. కాని ఆ నేలపై నేడు 85 లక్షల మందికి పైగా నివసిస్తున్నారు. వారు తమను తాము ఎవరనుకుంటున్నారు? ఈ ప్రశ్న మనం ఎన్నడైనా వేసుకున్నామా?

స్పెయిన్ దక్షిణాన ఉన్న ఈ ప్రాంతానికి అందలూసియా అన్న పేరే అల్ అందలుస్ నుంచి వచ్చింది. అక్కడి పెద్ద నది గ్వాదల్కివీర్. అది అరబ్బీలోని 'వాదీ అల్ కబీర్'. పొలాలకు నీరు పారే కాలువను రైతులు 'అసేకియా' అంటారు. అది 'అస్సాఖియా'. పాలకులు పోయినా పలుకుబడి పోలేదు.

అయితే నేటి అందలూసియా అస్తిత్వం సుల్తానుల వైభవం నుంచి పుట్టలేదు. సెంటు భూమి లేని కూలీల ఆకలి నుంచి, పొట్ట చేతబట్టుకుని కాటలోనియాకు, జర్మనీకి వలసపోయిన కుటుంబాల బాధ నుంచి అది బలపడింది. బ్లాస్ ఇన్ఫాంతే అనే నోటరీ ఆ బాధకు గొంతునిచ్చాడు. 1918లో రోందా సభ ఆమోదించిన ఆకుపచ్చ, తెలుపు జెండా ఆయన చలవే. ఆకుపచ్చ ఉమయ్యాలను, తెలుపు అల్‌మువహ్హిదులను గుర్తు చేస్తాయని ఆయన చెప్పాడు. 1936 ఆగస్టులో ఫ్రాంకో పక్షం వారు ఆయనను కాల్చి చంపారు. 1977 డిసెంబరు 4న లక్షలాది ప్రజలు అదే జెండా పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. 1980 ఫిబ్రవరి 28న రెఫరెండం జరిగింది. 1981లో స్వయంపాలన చట్టం వచ్చింది.

ఇంత చెప్పాక, అక్కడి వారంతా మనవారేనని మురిసిపోవడం సరికాదు. రోమన్లు, యూదులు, ఫ్లామెంకో పాటకు ప్రాణం పోసిన జిప్సీలు, కాస్తీల్ నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవులు - అందరి పాలూ ఆ అస్తిత్వంలో ఉంది. అలాగే ఎనిమిది శతాబ్దాల ముస్లిం జీవితాన్ని పరాయివారి ఆక్రమణగా కొట్టిపారేయడమూ సత్యం కాదు. అన్ని తరాలు అక్కడే పుట్టి, అక్కడే మట్టిలో కలిసినవారు పరాయివారెలా అవుతారు?

అసలు లోటు ఇక్కడే ఉంది. 1609-1614 మధ్య సుమారు 3 లక్షల మొరిస్కోలను స్పెయిన్ దేశం వెళ్లగొట్టింది. వారు బాప్తిస్మం పొందినా క్షమించలేదు. వారి సంతతి నేటికీ మొరాకోలో, ట్యునీషియాలో ఉంది. 1492లో వెళ్లగొట్టబడిన యూదుల వారసులకు పౌరసత్వం ఇస్తామంటూ స్పెయిన్ 2015లో చట్టం చేసింది. అది మెచ్చదగిన పని. కాని మొరిస్కోల వారసులకు అలాంటి చట్టం రాలేదు. పైగా గర్నాతా పతనాన్ని ఏటా జనవరి 2న ఆ నగరంలో ఉత్సవంగా జరుపుతున్నారు. దీనిని ఆ ఊరివారే కొందరు వ్యతిరేకిస్తుండటం గమనార్హం.

అల్‌హమ్రాకు టిక్కెట్టు పెట్టి లోకానికి చూపించేవారు, దానిని కట్టినవారి సంతతి ఊసెత్తకపోవడం న్యాయమా? మనం కోరవలసింది పోయిన రాజ్యం కాదు. ఆ కలను మనం వదులుకోవాలి. జరిగింది అన్యాయమేనన్న ఒక్క మాట, యూదులకు చాచిన చేయే మొరిస్కోలకూ చాచడం - ఇంతే.

ఒకరినొకరు గుర్తించుకునేందుకే జాతులు, తెగలు ఏర్పడ్డాయని మనం విశ్వసిస్తాం. ఆ గుర్తింపును స్పెయిన్‌ను అడిగే మనం, మన దేశాల్లో మనకంటే తక్కువ సంఖ్యలో ఉన్నవారికి దానిని ఇస్తున్నామా? ముందు ఆ లెక్క చూసుకుంటేనే మన మాటకు విలువ ఉంటుంది.