మ్యాక్ కొనేముందు ఒక్క ఫోన్ చెయ్యండి

అక్కలూ, చెల్లెళ్లూ, ఇండియా ప్రయాణాల రోజులొచ్చాయి. ఈపాటికి చాలామంది ఇళ్లల్లో సూట్‌కేసు తెరిచి నేలమీదే ఉంటుంది. బాదంపప్పు, విటమిన్ మాత్రలు, చాక్లెట్లు, మధ్యలో మెత్తటి తువ్వాలులో చుట్టిన ఆపిల్ ల్యాప్‌టాప్. "వాడు ఇంజినీరింగ్‌లో చేరాడు, ఒక మ్యాక్ తెచ్చిపెట్టవే" అని అడగని చుట్టాలు మనకెవరికైనా ఉన్నారా? పెద్దవాళ్లు ఒక ల్యాప్‌టాప్ కస్టమ్స్ డ్యూటీ లేకుండా తీసుకెళ్లచ్చు కాబట్టి మనమూ సరేనంటాం. ఆ సూట్‌కేసు మూసేలోపు నా మాట కొంచెం వినండి.

మూడేళ్ల కిందట నేనూ అలాగే తీసుకెళ్లాను. మా అక్క కొడుకు హైదరాబాదులో మెకానికల్ రెండో సంవత్సరం. థాంక్స్‌గివింగ్ సేల్‌లో 8 జీబీ మెమరీ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్ కొన్నాను. దానికోసం రెండు నైట్ షిఫ్టులు ఎక్స్‌ట్రా చేశాను. వాడు పెట్టె విప్పినప్పుడు అక్క కళ్లు చెమర్చాయి. నా కడుపు నిండిపోయింది.

నాలుగు నెలల తర్వాత అక్క ఫోన్. "వీడు రోజూ రాత్రి ఫ్రెండ్ రూమ్‌కి పోతున్నాడే, ఏదో అలవాటయిందేమో అని భయంగా ఉంది" అని ఏడుపు. నేను వాడికి చేస్తే మెల్లిగా బయటపెట్టాడు. కాలేజీలో సాలిడ్‌వర్క్స్ నేర్పిస్తున్నారు. అది విండోస్‌లోనే నడిచే సాఫ్ట్‌వేర్. మ్యాక్‌లో ఎలాగో విండోస్ పెట్టుకున్నాడు గానీ, బొమ్మని అటు తిప్పితే ఇటు ఆగిపోతోంది, పార్టులు పెరిగేకొద్దీ స్క్రీన్ బిగుసుకుపోతోంది. ప్రాజెక్టు సబ్మిట్ చెయ్యాలి. అందుకని ఫ్రెండ్ పడుకున్నాక వాడి ల్యాప్‌టాప్ అడుక్కుని తెల్లారేదాకా పని చేసుకుంటున్నాడు. "మరి చెప్పలేదేంరా?" అంటే, "నువ్వు కష్టపడి కొన్నావు కదా పిన్నీ" అన్నాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తప్పు వాడిది కాదు, ల్యాప్‌టాప్‌దీ కాదు. కనుక్కోకుండా కొన్నది నేను.

అసలు ఎందుకు ఆగిపోతుందో మా డ్యూటీ భాషలో చెప్తాను. ఇంగ్లీషు రాని పేషెంట్ వస్తే ఇంటర్‌ప్రెటర్‌ని ఫోన్‌లో పిలుస్తాం కదా. పని అవుతుంది, కానీ అయిదు నిమిషాల మాట పావుగంట పడుతుంది. 2006 నుంచి ఆపిల్ కంప్యూటర్లలో ఇంటెల్ చిప్పులు ఉండేవి. బూట్ క్యాంప్ అని ఆపిల్ వాళ్లే ఇచ్చారు, దానితో విండోస్ నేరుగా నడిచేది. 2020 నవంబరులో ఎమ్1 అని సొంత చిప్పు వచ్చింది. ఆ చిప్పుల్లో బూట్ క్యాంప్ లేదు. ఇప్పుడు ప్యారలల్స్ లాంటి ప్రోగ్రాములో, మ్యాక్ లోపల అద్దెకున్నట్టు విండోస్ నడవాలి. దానికి మైక్రోసాఫ్ట్ కూడా 2023లో ఒప్పుకుంది. కానీ అక్కడ ఇంటర్‌ప్రెటర్లు ఇద్దరు. సాలిడ్‌వర్క్స్ ఇంటెల్ రకం చిప్పుల కోసం రాసింది, దాన్ని విండోస్ ఒకసారి ఈ చిప్పు భాషలోకి మార్చాలి. బొమ్మ గీయడానికి అది ఓపెన్‌జీఎల్ అనే భాషలో అడుగుతుంది, దాన్ని మళ్లీ ఆపిల్ గ్రాఫిక్స్‌కి అర్థమయ్యే భాషలోకి మార్చాలి. వర్డ్, ఎక్సెల్ అయితే ఈ ఆలస్యం తెలీదు. త్రీడీ బొమ్మ క్షణానికి పదులసార్లు గీయాలి కాబట్టి అక్కడ బయటపడుతుంది.

దానికి తోడు మెమరీ. ఆ 8 జీబీలోనే మ్యాక్, విండోస్, బొమ్మలు గీసే గ్రాఫిక్స్, అన్నీ సర్దుకోవాలి. ఒక చిన్న గిన్నెలో అన్నం, పప్పు, కూర అన్నీ వండమన్నట్టు. పోనీ తర్వాత పెంచుదామా అంటే ఆ మెమరీ మార్చడం కుదరదు. ఎయిర్‌లో ఫ్యాన్ కూడా ఉండదు, వేడెక్కితే తనే స్పీడు తగ్గించుకుంటుంది.

అందుకే నా అభిప్రాయం ఇది: ల్యాప్‌టాప్ మనం ఎంచకూడదు, పిల్లవాడి కోర్సు ఎంచాలి. "బహుమతికి కూడా ఇన్ని ప్రశ్నలా, ఇచ్చింది తీసుకుంటారు" అంటారు మా ఆయన. చీరైతే నిజమే, నచ్చకపోతే బీరువాలో పెడతారు. ఇది నాలుగేళ్లు రోజూ పని చేయించుకునే వస్తువు. పైగా ఇక్కడ షాపులో తిరిగి ఇవ్వడానికి ఒక గడువు ఉంటుంది. మనం నవంబరులో కొని డిసెంబరులో మోసుకెళ్తాం. అక్కడ పెట్టె విప్పాక తిరిగి ఇవ్వడం అంత తేలిక కాదు.

మ్యాక్ వద్దనట్లేదు. కంప్యూటర్ సైన్స్ పిల్లలకి పైథాన్, జావా అన్నీ అందులో హాయిగా నడుస్తాయి. మ్యాట్‌ల్యాబ్, ఆటోక్యాడ్, ఫ్యూజన్‌లకి మ్యాక్‌వి వేరే ఉన్నాయి. సాలిడ్‌వర్క్స్, రెవిట్ వాడే మెకానికల్, సివిల్, ఆర్కిటెక్చర్ పిల్లలకే ఇబ్బంది. ఇక్కడ అమెరికాలో పిల్లల్ని కాలేజీకి పంపే తల్లులకీ ఇదే చెప్తున్నా: చాలా ఇంజినీరింగ్ కాలేజీలు ఎలాంటి ల్యాప్‌టాప్ కావాలో వెబ్‌సైట్‌లో పెడతాయి. డార్మ్‌కి దుప్పట్లు కొనేముందు అది చదవండి. "ఇవన్నీ మా ఆయన చూసుకుంటారు" అని వదిలెయ్యకండి. మందు డోసు రెండుసార్లు సరిచూసుకునే మనకి ఈ పేజీ ఒక లెక్కా?

ఇప్పటికే కొనేసిన వాళ్లు కంగారుపడకండి. విండోస్ వాడేటప్పుడు మ్యాక్‌లో మిగతావన్నీ మూసెయ్యమనండి. మొత్తం మెమరీలో సగానికి మించి విండోస్‌కి ఇవ్వద్దనండి, లేకపోతే రెండూ ఊపిరాడక ఆగుతాయి. స్క్రీన్ రిజల్యూషన్ తగ్గించమనండి. ఆ ఎయిర్ స్క్రీన్ మీద దాదాపు 41 లక్షల చుక్కలుంటాయి, మామూలు ఫుల్ హెచ్‌డీలో 21 లక్షలే. గీయాల్సిన చుక్కలు సగమైతే భారమూ తగ్గుతుంది. కాలేజీ ల్యాబ్ కంప్యూటర్‌ని ఇంటినుంచి వాడుకునే వీలుందేమో అడగమనండి. ఇంట్లో పాత ఇంటెల్ మ్యాక్ ఉండి బూట్ క్యాంప్ వాడుతుంటే, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయిందని గుర్తుంచుకోండి.

మావాడి కథ చివరికి సర్దుకుంది. మ్యాక్ వాడి చెల్లికిచ్చాం, తను డిగ్రీ చదువుతోంది, దానికి బంగారంలా ఉంది. వాడికి విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న సెకండ్‌హ్యాండ్ విండోస్ ల్యాప్‌టాప్ అక్కడే కొన్నాం. నేను మోసుకెళ్లిన దాంట్లో సగం ధర కూడా కాలేదు. ప్రాజెక్టు టైముకి ఇచ్చాడు. అక్క ఇప్పుడు హాయిగా నిద్రపోతోంది.

కాబట్టి ఈసారి కొనేముందు ఫోన్ చెయ్యండి. వాళ్ల అమ్మకి కాదు, పిల్లవాడికే. "ఏ సాఫ్ట్‌వేర్ వాడతావు నాన్నా? మీ సీనియర్లు ఏది వాడుతున్నారు?" అని అడగండి. మొహమాటపడతాడు, "ఏదైనా పర్లేదు పిన్నీ" అంటాడు. అక్కడ ఆగిపోకండి, ఇంకోసారి అడగండి.