బండ లాగుడు, బండి లాగుడు

సంక్రాంతికి మా మేనల్లుడు నడిగూడెం వచ్చాడనడం కంటే, వాడి కారు వచ్చింది, దాని వెంట వాడూ వచ్చాడనడం న్యాయం. కాలవ వంతెన దగ్గర ఉండగానే దాని గొంతు మా వీధి దాకా వినిపించింది. అరుగు మీద పప్పు చెరుగుతున్న మా చెల్లెలు, "పండగ పూట రైసుమిల్లు ఎవరు తిప్పుతున్నారన్నయ్యా?" అని అడిగింది. అంతలో ఆ రైసుమిల్లు వచ్చి మా గుమ్మం ముందే ఆగింది.

అది 2002 నాటి హోండా సిటీ. దాన్ని కొన్న ధర కంటే దానికి మార్పించిన సామాను ధరే ఎక్కువట. సైలెన్సరు మారింది, గాలి పీల్చే గొట్టం మారింది, చక్రాలు మారాయి, వెనక సీటు బొత్తిగా మాయమైంది. "సీటేదిరా?" అంటే "బరువు మామయ్యా!" అన్నాడు. సరే, ఖాళీగానే ఉంది కదా అని తిరుగు ప్రయాణంలో అరిసెల డబ్బా అక్కడ పెట్టుకుపొమ్మంది వాళ్లమ్మ. దానికీ బరువన్నాడు. అరిసెలు బరువన్న కొడుకును కన్నతల్లి క్షమించడం కష్టం. "వీడికి నువ్వే బుద్ధి చెప్పాలి" అని ఆ బాధ్యత నా నెత్తిన పెట్టింది.

నిజానికి మా ఊరికి ఇటువంటి మనుషులు కొత్త కాదు. ఊళ్లో నాయని వారి కోట ఉంది. కొమర్రాజు లక్ష్మణరావుగారు మునగాల సంస్థానానికి దివానుగా ఉన్నారు. పింగళి వెంకయ్యగారు ఇక్కడ మకాం పెట్టి, పత్తి విత్తనాల మీద పరిశోధనలు చేసి 'పత్తి వెంకయ్య' అనిపించుకున్నారు. ఆ తరవాత 1921లో బెజవాడ కాంగ్రెసు సభల్లో గాంధీగారికి జెండా నమూనా ఇచ్చి 'జెండా వెంకయ్య' అయ్యారు. ఏదో ఒకదాని మీద మనసు పడితే తిండీ నిద్రా మానేసే రకం అన్నమాట. మావాడూ 'కారు వెంకయ్య' అనుకుని ఊరుకుందామని నా ఉద్దేశం. చెల్లెలు ఊరుకోనిస్తేనా!

ఆ సాయంత్రం కాఫీ తాగుతూ, "ఇంతకీ దీన్ని ఏం చేస్తావురా?" అని అడిగాను. ఈ ప్రశ్న కోసమే పుట్టినవాడిలా అరుగు మీద బొగ్గుముక్కతో రెండు గీతలు గీశాడు.

పందెం పొడవు పావుమైలు, అంటే 402 మీటర్లు. మలుపుల్లేవు. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. ఎదురుగా స్తంభానికి దీపాలు వరసగా వెలుగుతాయి. పచ్చ దీపం పడగానే ఉరకాలి. అంతకుముందే చక్రం గీత దాటితే ఎర్ర దీపం వెలుగుతుంది, ఆట ముగిసినట్టే. కాలాన్ని సెకనులో వెయ్యోవంతు దాకా కొలుస్తారు. ఈ దీపాల చెట్టు 1963లో అమెరికాలో వచ్చిందట. దానికి ముందు ఒక మనిషి జెండా ఊపేవాడట.

"ఇందులో వేగం కాదు మామయ్యా ముఖ్యం, కదలడం. ఒక్కసారిగా ఆక్సిలరేటరు తొక్కేస్తే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, కారు కదలదు. భయపడి తొక్కితే ఇంజను నీరసిస్తుంది. ఈ రెంటికీ నడుమ వెంట్రుకంత చోటుంది. అక్కడ క్లచ్చి వదలాలి. పైగా కారు ముందుకు ఉరికినప్పుడు బరువంతా వెనక్కి పోతుంది. నా కారును లాగేది ముందు చక్రాలు. అంటే పట్టు కావలసిన చోటనే పట్టు తగ్గిపోతుంది."

ఇంత చదువు బళ్లో చదివుంటే ఏమయ్యేవాడో! ఇంతకీ వాడి కారు ఆ పావుమైలును పదిహేడు సెకన్ల చిల్లరలో దాటుతుందట. దాన్ని పదిహేనుకు దించడం వాడి జీవితాశయం. రెండు సెకన్ల కోసం రెండు లక్షలా అని అడగబోయి ఊరుకున్నాను. పెళ్లిలో పది నిమిషాల బాణాసంచాకి అంతకంటే ఎక్కువ తగలేసిన ఇళ్లు నాకు తెలుసు.

అమెరికా సంగతులూ చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అక్కడి కుర్రాళ్లు పాత కార్లు కొని, వాటి పేగులు తీసి కొత్తవి పెట్టి, రాత్రిళ్లు వీధుల్లో పందేలు వేసి జనాన్ని హడలెత్తించారట. అప్పుడు కొందరు పెద్దమనుషులు కలగజేసుకున్నారు. 1950లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో విమానాల బాట మీద టిక్కెట్టు పెట్టి పందేలు నడిపారు. మరుసటేడు వాలీ పార్క్స్ అనే ఆయన ఈ కుర్రాళ్లందరికీ ఒక సంఘం పెట్టి, సూత్రాలు రాసి, వాళ్లను వీధుల్లోంచి బాట మీదకు తీసుకుపోయాడు. ఇప్పుడక్కడ పదకొండు వేల గుర్రాల బలమున్న బళ్లు వెయ్యి అడుగుల దూరాన్ని నాలుగు సెకన్లలోపే దాటుతున్నాయి. వాటికీ మొదట పావుమైలే ఉండేది. 2008లో స్కాట్ కలిట్టా అనే ఆటగాడు పందెంలో చనిపోయాక దూరం తగ్గించారు. ఈ చివరి మాట మావాడు కొంచెం గొంతు తగ్గించి చెప్పాడు.

మర్నాడు పక్క ఊళ్లో బండలాగుడు పోటీ ఉంటే వాణ్ణి లాక్కుపోయాను. మా వైపు సంక్రాంతికి ఒంగోలు జాతి గిత్తలు లేకపోతే పండగ లేనట్టే. మావాడు ముక్కుకు రుమాలు కట్టుకుని అయిష్టంగా నిలబడ్డాడు. ఇసక దుమ్ము మరి!

పోటీల్లో విభాగాలు పళ్లను బట్టి. పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆపైన పెద్ద గిత్తలు. విభాగాన్ని బట్టి బండ బరువు పెరుగుతుంది. ఇచ్చిన గడువులో ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. మావాడు రుమాలు కొంచెం కిందికి లాగి, "మాకూ ఇంతే మామయ్యా. ఇంజను సీసీలను బట్టి విభాగాలు" అన్నాడు.

తెల్లగిత్తల జత ఒకటి వచ్చింది. కాడి వేశారు, గొలుసు తగిలించారు. ఈల పడింది. తోలేవాడు అరవలేదు, కొట్టలేదు. ముందు గొలుసు బిగిసేదాకా గిత్తల్ని రెండడుగులు మెల్లగా నడిపించాడు. అది కర్రలా బిగిశాక అప్పుడు వేశాడు కేక! రెండూ మోకాళ్లు వంచి, గిట్టలు నేలలో దిగేసి, ఒక్కసారిగా లేచాయి. బండ కీచుమని కదిలింది. ఆ తరవాత వచ్చిన జతను తోలినవాడు గొలుసు వదులుగా ఉండగానే అదిలించాడు. ఒక గిత్త ముందుకు దూకింది, రెండోది దూకలేదు, బండ ఇంచి కదలలేదు. పక్కనున్న ముసలి రైతు, "కదిలిందాకనే అది బండ" అని పొగాకు ఉమ్మేశాడు.

మావాడు రుమాలు పూర్తిగా ఊడదీశాడు. "మామయ్యా! మేము చేసేదీ ఇదే! ముందు క్లచ్చి పట్టు చూసుకుని..." అంటూ చేతులు ఊపుతూ ఆ తోలేవాడి దగ్గరికి పరిగెత్తాడు. గంటసేపు ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు. ములుకోల పోట్లు చూసినప్పుడు నాకీ ఆట మీద మనసు విరుగుతుంది గాని, ఆ తెల్లగిత్తల మనిషిని మాత్రం ఎన్నిసార్లయినా చూడొచ్చు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ రాత్రి భోజనాలయ్యాక మావాడు పెరట్లో ఫోనులో గుసగుసలాడుతుంటే, "పదకొండున్నరకి, మునగాల దాటాక" అన్న మాట నా చెవిన పడింది.

పదకొండు గంటలకు మంకీ టోపీ పెట్టుకుని, శాలువా కప్పుకుని, వెళ్లి కారులో ముందు సీట్లో కూర్చున్నాను. పిల్లిలా వచ్చి తలుపు తీసినవాడు నన్ను చూసి దిమ్మెరపోయాడు.

"ఎక్కడికి మామయ్యా?"

"నువ్వెక్కడికో అక్కడికే. నా బరువు అరవై రెండు కిలోలు. లెక్కలో వేసుకో."

చచ్చినట్టు కారు తీశాడు. మా ఊరి దారి దాటి హైదరాబాదు - విజయవాడ రహదారి ఎక్కాం. ఒకప్పుడు దాని నంబరు 9, ఇప్పుడు 65. నాలుగు వరసలు, నడుమ గట్టు, అద్దంలాంటి తారు. ఆ బాట చూస్తే ఎవరి పాదమైనా బరువెక్కుతుంది. ఇలా రోడ్డు మీద పందేలు వేస్తే మూడు నెలల దాకా జైలు, ఐదువేల దాకా జరిమానా అని 2019లో చట్టం సవరించారని చెప్పాను. "తెలుసు" అన్నాడు. తెలిసినవాడికి చెప్పడానికి ఇంకేముంటుంది? టీ కొట్టు దగ్గర ఆపమన్నాను. మిగతా రెండు కార్లూ ఇంకా రాలేదు.

అప్పుడు నేను నలభై ఏళ్లు దాటినా ఎవరికీ చెప్పని సంగతి వాడికి చెప్పాను.

1978లో ఈ రోడ్డు సన్నగా ఉండేది. చీకట్లో చింతచెట్లు తప్ప ఏమీ కనిపించేవి కావు. మా దగ్గర రెండు రాజ్‌దూత్ మోటారు సైకిళ్లు ఉండేవి. ఒకటి మా బాబాయిది, ఒకటి నా స్నేహితుడి బావది. రెండూ అడక్కుండా తెచ్చినవే. మునగాల నుంచి కోదాడ దాకా పందెం. వాడు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. బయలుదేరాం. నేను గెలిచాను. కోదాడలో టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, వాడు రాగానే ఎలా వేళాకోళం చెయ్యాలా అని మాటలు తయారు చేసుకుంటూ అరగంట గడిపాను. నవ్వుకున్నాను కూడా.

వాడు రాలేదు. వెనక్కి వెళ్లాను. దీపం లేని గడ్డిబండి ఒకటి రోడ్డు మీద అడ్డంగా ఉంది. ఒక ఎద్దు అప్పటికే పోయింది. వాడి కుడికాలు బండిచక్రంలో ఇరుక్కుంది. బండతను ఒక పక్క వాణ్ణి లాగుతూ, ఒక పక్క ఎద్దును చూసి ఏడుస్తున్నాడు. వాణ్ణి లారీ ఎక్కించి ఆస్పత్రికి తీసుకుపోయాం. ప్రాణం దక్కింది, కాలు దక్కలేదు. ఇళ్లలో తంతారని తాటిచెట్టు మీంచి పడ్డాడని చెప్పుకున్నాం. మోటారు సైకిలు సంగతికి వేరే అబద్ధం. ఆ బండతని పేరు గాని ఊరు గాని నేను ఏనాడూ కనుక్కోలేదు. మిగిలిన ఒంటెద్దుతో ఆ యేడు ఎలా దున్నుకున్నాడో!

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "కొట్టు మామయ్యా?" అన్నాడు.

అవును, వాడే. మా బజారులో కిరాణా కొట్టు. చిన్నప్పుడు మావాడికి చేతిలో పిప్పరమెంట్లు పోసింది వాడే.

రెండు కార్లూ వచ్చాయి. కుర్రాళ్లు దిగారు. మావాడు వెళ్లి ఏదో చెప్పాడు. వాళ్లు నా మంకీ టోపీ వంక చూసి నవ్వుకున్నారు. నవ్వుకోనీ! అందరం టీ తాగి ఇళ్లకు పోయాం.

దారిలో మావాడికి కోపం వచ్చింది. "మరి ఎక్కడ నడపమంటారు మామయ్యా? క్రికెట్టుకైతే ఊరూరా మైదానం ఇస్తారు. హైదరాబాదులో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల పందెం పెట్టారు. మరుసటేడు రద్దయింది. అయినా అందులో మా బోటివాడు నడపగలడా?" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది, కాదనను. అరవ దేశం వాళ్లకు ఈ యావ మనకంటే ముందు పట్టింది. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు 1953లోనే పుట్టింది. షోలవరంలో యుద్ధకాలం నాటి విమానాల బాట మీద ఏళ్ల తరబడి పందేలు నడిపి, 1990 నాటికి శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత బాట కట్టుకున్నారు. "ఆ అమెరికా కుర్రాళ్లు విమానాల బాట పట్టారన్నావే, మనమూ అటే పోదాం. ఖర్చు నాది" అన్నాను. నోరు జారానని పెట్రోలు బంకు దగ్గర తెలిసింది.

వేసవికి ముందు ఒక ఆదివారం చెన్నై వైపు ఇటువంటి పోటీకి వెళ్లాం. హెల్మెట్టు, సీటు బెల్టు, లైసెన్సు అన్నీ చూశారు. కారును ఆస్పత్రిలో రోగిని చూసినట్టు చూశారు. బ్యాటరీ గట్టిగా బిగించలేదని వెనక్కి పంపారు. స్పానరు కోసం నేను అరవం రాని నోటితో ఊరంతా తిరిగాను. చివరికి వాడి వంతు వచ్చింది. మొదటి పరుగులో ఆత్రం కొద్దీ ముందే కదిలాడు, ఎర్ర దీపం! రెండోసారి తెల్లగిత్తల మనిషిలా ఓపిక పట్టాడు. 16.8 సెకన్లు. పక్కవాడు గెలిచాడనుకోండి, అయినా వాడు దిగి నన్ను ఎత్తి తిప్పాడు. బరువన్న మాట గుర్తు రాలేదు.

ఊరికి వచ్చాక ఆ ఫలితం చీటీ పట్టుకుని వాడు తిన్నగా కిరాణా కొట్టుకు పోయాడు. నేను వెనకాల నడిచాను. మా స్నేహితుడు కళ్లజోడు సవరించుకుని, చీటీని వెలుగులోకి పట్టుకుని చూశాడు.

"మద్రాసు దాకా పోయింది పదిహేడు సెకన్ల కోసమా? పెట్రోలెంతయింది?"

మావాడు చెప్పాడు. తరవాత దీపాల సంగతి, గీత సంగతి, ముందే కదిలితే ఎర్ర దీపం పడే సంగతి వివరించాడు. మా స్నేహితుడు పప్పు తూచడం ఆపి అంతా విన్నాడు. విని, కర్ర ఊతంతో లేచి నా వైపు తిరిగాడు.

"అయితే ఆ రోజు నువ్వు ఓడిపోయావురా. నేను మూడు అనకముందే కదిలావు."