నడుమ మూడేళ్ల వాగు

పొద్దున పదిన్నరకు మెట్‌పల్లి కోర్టు వరండాలో నిలబడితే మన ఇలాకా కష్టాలన్నీ కాయిదాల కట్టలై కనిపిస్తాయి. అన్నదమ్ముల గెట్టు పంచాయితీ, చెల్లని చెక్కు, మనోవర్తి, దుబాయి వీసా అని పైసలు గుంజి మొహం చాటేసిన ఏజెంటు. ఇలాంటివాటిలో చాలామటుకు మొదట జూనియర్ సివిల్ జడ్జి ముందుకే వస్తాయి. మన పెద్దలు ఇంకా మున్సిఫ్ అనే అంటారు. ఆ కుర్చీలో కూర్చునే మనిషికి ఒక్కోసారి పాతికేళ్లు మించి ఉండవు.

2025 మే 20న సుప్రీంకోర్టు ఆ కుర్చీకి ఒక షరతు పెట్టింది. కనీసం మూడేళ్లు వకీలుగా పనిచేసినవాళ్లే ఇక పరీక్ష రాయాలి. నిజానికి ఇది పాత షరతే. మూడేళ్లు ఆగమంటే తెలివైన పిల్లలు ఇటువైపు రావట్లేదని 2002లో ఆ కోర్టే తీసేసింది. తీరా కోర్టు గడప తొక్కని పిల్లలు తీర్పులు చెప్పాల్సి వస్తే ఇబ్బందవుతోందని చాలా హైకోర్టులు మొరపెట్టుకున్నాయి.

నేను ఈ షరతు వైపే. వాయిదా అడిగే వకీలుకు నిజంగా జ్వరమో, చుట్టాల పెళ్లో ఏ పుస్తకమూ చెప్పదు. సాక్షి తడబడితే అది అబద్ధమా, బోను చూసిన భయమా? వరండాలో తిరిగినవాళ్లకే తెలుస్తుంది. అమెరికానే చూడండి, అక్కడ ఫెడరల్ ట్రయల్ జడ్జికి పరీక్షే లేదు. అధ్యక్షుడు పేరు పంపితే సెనేట్ ఒప్పుకోవాలి, ఆపైన జీవితాంతం కొలువే. అయినా ఏళ్లకేళ్లు వకాలత్ చేయనివాళ్ల పేర్లు అక్కడిదాకా వెళ్లడం అరుదు. విజయవాడలో పుట్టిన జయ బాదిగ 2024లో జడ్జి అయింది శాక్రమెంటో కౌంటీలో, అది రాష్ట్ర కోర్టు. ఆమె కూడా అంతకుముందు కుటుంబ కేసులు చూసిన వకీలే.

కానీ ఆ మూడేళ్లు బువ్వ ఎవరు పెడతారు? మనలాంటి ఊళ్లలో సీనియర్ వకీలు జూనియర్‌కు ఇచ్చేది బస్సు కిరాయికి, చాయకు సరి. పరీక్ష గెలిస్తే మాత్రం, జస్టిస్ పి. వెంకటరామ రెడ్డి అధ్యక్షుడిగా ఉన్న రెండో జాతీయ న్యాయ వేతన సంఘం లెక్కన, మూల వేతనమే 77,840 రూపాయల దగ్గర మొదలు. ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది, నడుమ మూడేళ్ల వాగు.

జూనియర్లకు పల్లెల్లో నెలకు 15,000, పట్టణాల్లో 20,000 ఇమ్మని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. సూచనే, హుకుం కాదు. అయినా తనకే అంత మిగలని సీనియర్ ఎక్కణ్నుంచి తెచ్చిస్తాడు? ఇది సర్కారు మోయాల్సిన బరువు. ఆంధ్రలో 2019లో లా నేస్తం పేరిట జూనియర్లకు నెలకు 5,000 ఇవ్వడం మొదలుపెట్టారు, అదీ మొదటి మూడేళ్లకు. సుప్రీంకోర్టు షరతుకు కొలిచి కుట్టినట్టున్న గడువు!

పైసా లేకుండా ఆగగలిగేది ఎవరు? వకీలు కొడుకు ఆగుతాడు. తండ్రి గల్ఫ్ నుంచి పంపిన పైసలతో లా చదివిన ఆడపిల్లకు పట్టా చేతికొచ్చేసరికే ఇంట్లో సంబంధాలు చూస్తుంటారు. మన జగిత్యాలలో జిల్లా కోర్టు 2022 జూన్ 2న మొదలైంది, ఇదివరకటిలా ప్రతిదానికీ కరీంనగర్ పోవాల్సిన పని లేదు. దూరం తగ్గింది సరే. శుక్రవారం ఆ తండ్రి ఫోన్ చేసి అడిగేది మాత్రం ఒకటే: "నౌకరి ఎప్పుడు బిడ్డా?"