వీలునామాలో మనుషులు

1826 జూలై 4న థామస్ జెఫర్సన్ వర్జీనియాలోని తన మాంటిచెల్లో ఎస్టేటులో కన్నుమూశాడు. మానవులందరూ సమానులుగా సృష్టింపబడ్డారని చాటిన అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు ఆనాటికి సరిగ్గా ఏభై ఏళ్లు. ఆ ప్రకటనను రచించిన చేయి వారసులకు మిగిల్చినది లక్ష డాలర్లకు మించిన అప్పు!

ఈ అప్పుకు మూలాలు పాతవి. 1773లో మామగారు జాన్ వేల్స్ మరణించినప్పుడు, ఋణం తీర్చకముందే వారసులు ఆస్తిని పంచుకున్నారు. జెఫర్సన్ వాటాకు సుమారు 11,000 ఎకరాల భూమి, 135 మంది బానిసలు, వాటి వెంట బ్రిటిష్ వర్తకుల బాకీ వచ్చాయి. భూమినీ మనుషులనూ ఒకే పట్టికలో లెక్కించడం ఆనాటి చట్టానికి వింతగా తోచలేదు. ఆపై భవన నిర్మాణాల వ్యయం, మిత్రునికి హామీ పడిన 20,000 డాలర్లు తోడయ్యాయి.

వీలునామాలో ఆయన ఐదుగురికే విముక్తి ప్రసాదించాడు. వారిలో ఒకడు జో ఫాసెట్ అనే కమ్మరి. అతని భార్య ఈడిత్ పేరు గాని, పిల్లల పేర్లు గాని అందులో లేవు. 1827 జనవరిలో, వీలునామా నిర్వాహకుడైన మనుమడు థామస్ జెఫర్సన్ రాండాల్ఫ్ వేలం జరిపించాడు. పశువులు, గృహోపకరణాలతోపాటు 130 మంది మనుషులు అమ్మకానికి నిలిచారు. ఫాసెట్ స్వేచ్ఛకు ఇంకా ఆరు నెలల గడువుండగానే అతని భార్యాబిడ్డలు వేర్వేరు కొనుగోలుదార్ల పాలయ్యారు.

ఋణదాతల ఒత్తిడికి జెఫర్సన్ చేతులు కట్టువడ్డాయని కొందరు సమర్థిస్తారు. అప్పులవారికే చట్టం తొలిహక్కు ఇచ్చిన మాట వాస్తవమే. కాని ఈ వాదన సగం దూరమే నడుస్తుంది. 1817లో మరణించిన పోలెండు వీరుడు కోషియుస్కో, బానిసలను కొని విడిపించి చదువు చెప్పించడానికి తన అమెరికా ధనాన్ని జెఫర్సన్ చేతిలో పెట్టాడు. ఆ డబ్బుతో జెఫర్సన్ తన సొంత బానిసలను సైతం విడిపించవచ్చు. 1819లో ఆయన ఆ బాధ్యతను నిరాకరించాడు. వృద్ధాప్యం ఒక కారణం కావచ్చు. ఆ వీలునామా చుట్టూ చిక్కులూ లేకపోలేదు. అయినా అప్పు అడ్డురాని ఒక మార్గం ఆయన ముంగిట నిలిచి వెనుదిరిగిందనడం అసత్యం కాదు.

1831లో మాంటిచెల్లో భవనం కూడా పరుల వశమైంది. వారసుల ఆ దుఃఖాన్ని చరిత్రకారులు విపులంగానే వర్ణించారు. ఫాసెట్ మాత్రం కొలిమి పనిలో కూడబెట్టుకొని, బంధువుల తోడ్పాటుతో, 1837 నాటికి భార్యను, కొందరు బిడ్డలను దాస్యం నుండి తప్పించాడు. వేలంనాటికి పదకొండేళ్లవాడైన కుమారుడు పీటర్‌ను కొన్న యజమాని, ఎంత వేడుకున్నా అతనిని తిరిగి అమ్మడానికి అంగీకరించలేదు.